సుగుణ కోలుకుందని నేను చెప్పలేదు

ఒకావిడ జబ్బు నుంచి కోలుకుందని నాకు తెలుసు. ఆమె గురించి అడిగిన మనిషికి ఆ మాట చెప్పలేదు. నేను చేసిన తప్పు ఇంతే.

ఇంతే అని రాసి చూసుకుంటే చాలా చిన్నదిగా ఉంది. అబద్ధంలా కూడా లేదు. కోర్టులో నన్ను నిలబెట్టి అడిగినా, నేను అన్న ప్రతి మాటా నిజమేనని వాదించుకోగలను. లాయర్ని కదా. కానీ ఏళ్ల తరబడి దీన్ని మోశాను. పనికి వెళ్తున్నప్పుడు, అన్నం తింటున్నప్పుడు, ప్రార్థనలో కళ్లు మూసుకున్నప్పుడు మరీ ఎక్కువగా. నా భార్యకు చాలా ఏళ్లు చెప్పలేదు. పాస్టరు గారికి ఇప్పటికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఎనభైల చివర్లో మేము సిడ్నీ పక్కన బ్లాక్‌టౌన్‌లో ఉండేవాళ్లం. నా భార్య విమల నర్సు. ఆమె ఉద్యోగం మీద వచ్చిన వీసా మాది. నేను గుంటూరులో లా చదివి, తెనాలి కోర్టులో మూడేళ్లు నల్లకోటు వేసుకున్నవాణ్ణి. ఇక్కడ ఆ చదువు చెల్లలేదు. మళ్లీ యూనివర్సిటీకి వెళ్లి చాలా సబ్జెక్టులు రాస్తే తప్ప లాయరుగా పనిచేయనివ్వరు. ఇల్లు గడవాలి, పిల్లలు చిన్నవాళ్లు. కారు విడిభాగాల గోడౌన్‌లో చేరాను. పెట్టెల మీద చీటీలు అంటించే పని.

దేవదానం అన్న కథ కూడా నాలాంటిదే. లా కాలేజీలో నాకు రెండేళ్లు సీనియరు. నరసాపురం కోర్టులో మంచి పేరున్న లాయరు. అతని భార్య సుగుణ కూడా నర్సే, ఆమె వెంట వచ్చాడు. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని చేసేవాడు. పొద్దున్నే ఇద్దరం ఒకే రైల్లో వెళ్లేవాళ్లం. "తమ్ముడూ, నిన్న ఒక ఉత్తరం మీద అడ్రసు చూశాను. ఎవరో సొలిసిటరు. పిన్‌కోడు తప్పు రాశాడు. వాణ్ణి లాయర్ని చేశారు, నన్ను వాడి పిన్‌కోడు దిద్దమన్నారు" అని నవ్వేవాడు. అతను నవ్వితే పక్క సీటులో వాళ్లకు తెలుగు రాకపోయినా నవ్వొచ్చేది. నేను అతన్ని అన్నా అనేవాణ్ణి, సుగుణను వదినా అనేవాణ్ణి. మొక్కుబడి పిలుపులు కావవి. మా పెద్దవాడికి జ్వరం వచ్చి విమల డ్యూటీలో ఉన్నరోజు, వాణ్ణి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది సుగుణ వదినే.

అక్కడ కోస్తా జిల్లాల క్రైస్తవ కుటుంబాలు కొన్ని ఉండేవి. ఒక్కోవారం ఒక్కో ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకునేవాళ్లం. పాటలయ్యాక ప్రార్థన మనవులు చెప్పుకోవడం మాకు ఆనవాయితీ. ఎవరికి ఏ కష్టం ఉంటే అది నోరు విప్పి చెబుతారు. భర్త తాగుడు, కొడుకు చదువు, కడుపు నిలవకపోవడం, అన్నీ. పరాయి దేశంలో మాకు అంతకన్నా పెద్ద ఆసరా లేదు. ఆ గదిలో చెప్పింది గడప దాటకూడదు. ఎవరూ అలా ప్రమాణం చేయించలేదు, కానీ అందరికీ తెలుసు. కష్టం తీరిన రోజున ఆ మనిషే మళ్లీ లేచి నిలబడి సాక్ష్యం చెబుతారు. ఆ తర్వాత ఆ మనవి ముగిసినట్టు. మనవులన్నీ గుర్తుపెట్టుకుని, ఒక్కొక్కటీ ఎత్తి, ప్రార్థన నడిపించేది నేనే. నా జ్ఞాపకశక్తి మీద అందరికీ గురి. ఎవరి మనవి నడుస్తోందో ఎవరిది ముగిసిందో ఆ గుంపులో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోవాలి. తెలియక జరిగిందని నేను అనడానికి వీల్లేదు.

సుగుణ వదినకు నెలలు నిండాక పుట్టిన పాప ఒక్కరోజు కూడా బతకలేదు. ఆ తర్వాత ఆమె మనిషి కాకుండా పోయింది. డ్యూటీకి వెళ్లేది కాదు. స్నానం చేసేది కాదు. కొన్ని వారాలు హాస్పిటల్లో, మనసు బాగాలేనివాళ్లను పెట్టే వార్డులో ఉంచారు. కూడికలో దేవదానం అన్న లేచి ఈ మాట చెప్పాడు. "బయట ఎక్కడా అనొద్దు. తను పనిచేసే హాస్పిటల్లో తెలిస్తే ఇబ్బంది" అన్నాడు. అందరం తలలూపాం. నేను కూడా.

ఆరు నెలలు ఆమె కోసం ప్రార్థన చేశాం. ఒక శనివారం కూడిక మా ఇంట్లోనే జరిగింది. వదిన వచ్చింది. తల దువ్వుకుని, పూల చీర కట్టుకుని, చేతిలో పులిహోర గిన్నెతో. పాటలయ్యాక లేచి నిలబడింది.

"నేను మళ్లీ డ్యూటీకి వెళ్తున్నాను. నిద్ర పడుతోంది. మందులు ఇక అక్కర్లేదని డాక్టరే అన్నాడు. మీ అందరికీ వందనాలు" అంది. కూర్చోబోయి, నా వైపు తిరిగింది. "మరిదిగారూ, ఇక నా పేరు మనవుల్లోంచి తీసేయండి. చాలా రోజులు చోటు ఆక్రమించాను, వేరేవాళ్లకి ఇవ్వండి."

అందరూ నవ్వారు. తీసేస్తున్నాను వదినా అన్నాను. ఆ వారం ఆమె పేరు ఎత్తలేదు. ఆ తర్వాత కూడికలో ఎప్పుడూ ఎత్తలేదు. వేరేచోట ఎత్తాను.

దీవి ఉద్యోగం సంగతి ముందు చూసింది దేవదానం అన్నే. రైల్లో ఎవరో వదిలేసిన పేపర్లో ప్రకటన కనిపించింది. పసిఫిక్‌లో ఒక చిన్న దీవి, సిడ్నీ నుంచి విమానంలో కొన్ని గంటలు. ఆ దీవి పేరు రాయను. అక్కడ లాయర్లను వేళ్లమీద లెక్కపెట్టొచ్చు, రాస్తే అందరికీ తెలిసిపోతుంది. పన్నులు లేని చోటు. పెద్ద దేశాల డబ్బున్నవాళ్లు తమ కంపెనీలను అక్కడ రిజిస్టరు చేయించుకుంటారు. ఆ పని చూసే లా ఆఫీసుకు మనిషి కావాలి. అన్న వేలితో ఒక వాక్యం చూపించాడు. "చూడు తమ్ముడూ. కామన్‌వెల్త్ దేశం బార్‌లో ఎన్‌రోల్ అయి ఉంటే చాలంట. మళ్లీ చదవక్కర్లా. నా నల్లకోటు ట్రంకుపెట్టెలోనే ఉంది, చిమటలు కొట్టకుండా ఉంటే అదే చాలు."

నువ్వు కూడా పెట్టు అన్నాడు. విమల ఒప్పుకోదన్నాను. నిజంగా ఆమెను అడగలేదు. ఎందుకు అడగలేదు? అతనికి దక్కదనుకున్నానేమో. దక్కితే చూడలేననుకున్నానేమో. ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

అతనికి దాదాపు దక్కింది. దీవి నుంచి ఆఫీసు పెద్దాయన సిడ్నీ వచ్చి, రెండుసార్లు పిలిచి మాట్లాడాడు. చివరగా, కుటుంబాన్ని ఎరిగినవాళ్లు ఎవరైనా ఉంటే ఒకసారి మాట్లాడాలన్నాడు. అన్న నా పేరు చెప్పాడు. "ఊరికే లాంఛనం తమ్ముడూ. నేను మంచివాణ్ణని ఒక్క అబద్ధం ఆడిరా" అని భుజం తట్టాడు.

సిటీలో ఒక హోటల్లో ఆయన్ను కలిశాను. తెల్లజుట్టు, ఎండకు కమిలిన మొహం, నెమ్మదైన మాట. టీ తెప్పించాడు. దేవదానం గురించి అడిగితే అన్నీ మంచే చెప్పాను. నిజాయితీపరుడు, కష్టజీవి, తాగడు. ఆయన సంతోషించాడు. అప్పుడు కుర్చీలో వెనక్కి వాలి అసలు విషయానికి వచ్చాడు.

"మీ మిత్రుడు నాకు బాగా నచ్చాడు. కానీ ఇంతకుముందున్న లాయరు ఆరు నెలలకే వెళ్లిపోయాడు. భార్య అక్కడ ఉండలేకపోయింది. మాది చిన్న ఊరు, వానాకాలంలో బయటికి కదల్లేం. చిన్న హాస్పిటల్ ఒకటుంది, దెబ్బలకూ జ్వరాలకూ సరిపోతుంది. ఈయన భార్య ఎలాంటి మనిషి? అక్కడ నెట్టుకురాగలదా?"

ఆ ప్రశ్న విన్న క్షణంలో నా మనసులో ఏం జరిగిందో ఎన్నోసార్లు తవ్వి చూసుకున్నాను. ఒక ఆలోచన వచ్చి, దాన్ని నేను ఒప్పుకుని, అప్పుడు నోరు తెరిచినట్టు గుర్తులేదు. నోరు దానంతటదే తెరుచుకున్నట్టు గుర్తు. కానీ జ్ఞాపకం కూడా నా పక్షాన వాదించే లాయరే కదా. దాన్ని ఎంతవరకు నమ్మను?

"ఆమె కోసం మేమందరం ప్రార్థన చేస్తున్నామండీ" అన్నాను.

ఆయన కప్పు కింద పెట్టాడు. "దేనికోసం?"

"బిడ్డ పోయింది. ఆ తర్వాత మనసు దెబ్బతింది. కొన్ని వారాలు హాస్పిటల్లో ఉంచారు."

"అయ్యో. ఇప్పుడెలా ఉంది?"

ఇదే ఆ ప్రశ్న. ఇంతకన్నా తేలికైన ప్రశ్న నన్ను ఎవరూ అడిగి ఉండరు. బాగుంది, డ్యూటీకి వెళ్తోంది, మొన్ననే మా ఇంట్లో నిలబడి చెప్పింది. చెప్పాల్సింది ఆ కాస్తే.

"ప్రార్థన చేస్తున్నాం" అన్నాను మళ్లీ.

మంచి మనిషి. నిజంగానే బాధపడ్డాడు. అలాంటి స్థితిలో ఉన్న ఆడమనిషిని అక్కడికి తీసుకెళ్లడం పాపమవుతుంది, ఈ కారణం మీ మిత్రుడికి చెప్పి నొప్పించను, అన్నాడు. తర్వాత, మాట మార్చడానికన్నట్టు, మీరేం చేస్తుంటారని అడిగాడు. నేను కూడా లాయర్నేనన్నాను. బ్యాగులోంచి నా ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్ తీసి చూపించాను.

ఆ రోజు ఆ సర్టిఫికెట్ నా బ్యాగులో ఎందుకుంది?

నోరు దానంతటదే తెరుచుకుందని పైన రాశాను. కొట్టేయకుండా అలాగే ఉంచుతున్నాను. నన్ను నేను ఎలా మోసం చేసుకుంటూ వచ్చానో మీకు తెలియాలి. పొద్దున బీరువాలోంచి ఆ కాగితం తీసి, మడత పడకుండా అట్టల మధ్య పెట్టుకున్నది ఈ చేతులే.

అన్నతో ఏం చెప్పానో కూడా రాయాలి. ఆయనకు ఇంకెవరో కావాల్సి వచ్చింది, నేనూ లాయర్నని తెలిసి నన్ను అడిగాడు, నువ్వు వద్దంటే వెళ్లను అన్నాను. వద్దనడని నాకు తెలుసు. "ఇంటర్వ్యూలో నా ఇంగ్లీషు తడబడిందిలే తమ్ముడూ. వాడేదో అడిగాడు, నేను రెండుసార్లు మళ్లీ చెప్పమన్నాను. అప్పుడే అనుకున్నా" అన్నాడు. నేను కాదనలేదు. "పోనీలే, మనలో ఒకడికి కోటు దక్కింది" అన్నాడు. ఆ నల్లకోటు తెచ్చి నాకిచ్చాడు. నా కోటు తెనాలిలోనే ఉండిపోయిందని అతనికి తెలుసు. భుజాల దగ్గర కాస్త వదులు.

వెళ్లే ముందు మా కోసం ప్రార్థన కూడిక వాళ్లింట్లోనే పెట్టారు. మా కుటుంబం కోసం ప్రార్థన చేసింది సుగుణ వదిన. "వీళ్లు వెళ్లేచోట డాక్టర్లు తక్కువ ప్రభువా, నువ్వే చూసుకో" అంది. ఆ మాటకు నేను ఆమెన్ అన్నాను.

దీవిలో నాలుగేళ్లకు పైగా ఉన్నాం. నాకేదో శిక్ష పడిందని మీరు ఎదురుచూస్తుంటే, ఏమీ పడలేదు. విమల అక్కడి హాస్పిటల్లో చేరి, సిడ్నీలో కన్నా సంతోషంగా ఉంది. పిల్లలు సముద్రంలో ఈత నేర్చుకున్నారు. నా పని మాత్రం పొడిపొడిగా ఉండేది. ఆఫీసు గోడమీద వరసగా ఇత్తడి పలకలు, ఒక్కో పలకా ఒక కంపెనీ. లోపలికి వచ్చి చూస్తే ఆ కంపెనీలన్నీ మా బల్లలే. వాటి తరఫున మీటింగులు జరిగినట్టు రాసేవాణ్ణి. కోర్టులో ఒక్క కేసూ వాదించలేదు. అన్న ఇచ్చిన కోటు ఒక్కసారే వేసుకున్నాను, అక్కడి జడ్జి ముందు ప్రమాణం చేసిన రోజు. ఉక్కపోతకు మెడ దగ్గర చెమట కారుతుంటే, దీన్ని ఇచ్చినవాడు ఈ వేళకు సార్టింగు గదిలో నిలబడి ఉంటాడని గుర్తొచ్చింది. తర్వాత పని గుర్తొచ్చింది. అలా మరిచిపోవడం, గుర్తురావడం, మళ్లీ మరిచిపోవడం. అలసిపోయేవాణ్ణి. పని వల్ల కాదు.

ఒకరోజు పెద్దాయన మాటల మధ్యలో అడిగాడు. "మీ మిత్రుడి భార్య కోలుకుందా? అప్పుడప్పుడు గుర్తొస్తుంది. ఆమె ఆరోగ్యం బాగుండి ఉంటే ఆయన్నే తీసుకునేవాణ్ణి, మీరేమీ అనుకోకండి."

నాకు రెండో అవకాశం వచ్చింది. "ఇప్పుడు బాగుందండీ" అన్నాను. ఎప్పటినుంచి బాగుందో చెప్పలేదు. ఆయన చాలా సంతోషించాడు.

ఒప్పందం ముగిశాక ఆస్ట్రేలియా తిరిగొచ్చాం. విమలకు బ్రిస్బేన్‌లో ఉద్యోగం దొరికింది. దేవదానం అన్న వాళ్లు అప్పటికే టూవూంబాకు మారారు. కారులో రెండు గంటలు, చివర్లో కొండెక్కాలి. చాలా నెలలు వెళ్లలేదు. వెళ్లి చెప్పాలా? చెబితే ఎవరికి మేలు? నా ఒక్కడి బరువు దించుకోవడానికి, తేరుకున్నవాళ్లను మళ్లీ కెలకడం న్యాయమేనా? ఈ ప్రశ్నలన్నీ మంచివే. మంచివి కాబట్టే వాటి వెనక దాక్కోవడం సులువైంది. చివరికి అన్నే ఫోన్ చేశాడు. "ఏరా, ఇంత దగ్గరికొచ్చి మొహం చాటేస్తావా? శనివారం ఆర్వో, అదే మధ్యాహ్నం, వచ్చేయ్. బార్బీ పెడుతున్నా." విమలకు ఆ రోజు డ్యూటీ. ఒక్కణ్ణే వెళ్లాను.

పెరట్లో కోడిముక్కలు కాలుస్తున్నాడు. గుంటూరు కారం ఘాటు వీధిలోకే వచ్చేసింది. బాగా లావయ్యాడు, జుట్టు పల్చబడింది. వాళ్లకు ఇప్పుడు మూడేళ్ల కూతురుంది. నన్ను చూసి "హూ ఈజ్ దట్ మ్యాన్?" అంది. "బాబాయి అమ్మా" అన్నాడు అన్న. నాతో, "తెలుగులో వింటుంది, ఇంగ్లీషులో తీర్పిస్తుంది. మా ఇంట్లో అప్పీలు లేదు" అన్నాడు. వదిన లోపల్నుంచి అన్నం తెచ్చింది. ఆమె ఇప్పుడు అక్కడి హాస్పిటల్లో వార్డు మొత్తానికి సిస్టరు. అన్న అదే హాస్పిటల్లో రోగులను ట్రాలీ మీద ఒక వార్డు నుంచి ఇంకో వార్డుకు తీసుకెళ్లే పనిలో ఉన్నాడు.

మళ్లీ లాయరు ఉద్యోగాలకు ప్రయత్నించలేదా అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"దీవి ఇంటర్వ్యూ తర్వాత మానేశా. ఇంగ్లీషులో నోరు తెరవాలంటే ఒక జంకు పట్టుకుంది తమ్ముడూ. ఇంతకుముందు ఉండేది కాదు. ట్రాలీ తోసేటప్పుడు ఎవరూ వాదించమనరుగా" అన్నాడు. నవ్వాడు కూడా. ఆ నవ్వుకు ఎవరికీ నవ్వు రాలేదు.

ఇన్నాళ్లూ ఒక ఉద్యోగం తీసుకున్నాననుకున్నాను. అతని నోరు కూడా తీసుకున్నానని అప్పుడు తెలిసింది.

నీతో ఒంటరిగా మాట్లాడాలి అన్నాను. "చెప్పు. సుగుణ దగ్గర దాచేవి మా ఇంట్లో ఏమీ లేవు" అన్నాడు. పాప లోపలికి వెళ్లి టీవీ పెట్టుకుంది. చెప్పాను. హోటల్, టీ, ఆయన అడిగిన రెండు ప్రశ్నలు, నా రెండు జవాబులు, బ్యాగులో సర్టిఫికెట్. ఇంగ్లీషు వల్ల కాదు అన్నా, నువ్వు ఆయనకు చాలా నచ్చావు అన్నాను. నన్ను క్షమించు అన్నాను. అన్నీ అతనితోనే చెప్పాను. వదిన పక్కనే ఉంది, అయినా ఆమె వైపు చూడలేదు. తప్పు అతని పట్ల చేశాననే అనుకుంటూ వచ్చాను అంతవరకూ.

అన్న గ్యాస్ కట్టేశాడు. చేతిలో పటకారు అలాగే ఉంది.

మాట్లాడింది వదిన. నాతో కాదు, భర్తతో. చాలా మెల్లగా.

"అంటే నా వల్లేనా? అప్పట్లో నేను అడిగితే కాదన్నారుగా."

"నీ వల్ల కాదు" అన్నాడు అన్న. తలతో నా వైపు చూపించాడు. "వీడి వల్ల."

ఇన్నేళ్లలో అతను నన్ను వీడు అనడం అదే మొదటిసారి. దాని గురించి నాకు బాధ లేదు. నన్ను నిలువునా కుదిపింది ఆమె మాట. ఆమె ఒకప్పుడు అతన్ని అడిగింది. అంటే ఈ ఇంట్లో ఒక మనిషి, తన జబ్బే భర్త బతుకును ఆపేసిందేమోనని అనుమానపడుతూ బతికింది. అతను కాదని నచ్చజెప్పుకుంటూ వచ్చాడు. నేను కొండెక్కి వచ్చి ఆ అనుమానం నిజం చేశాను. నా పేరు తీసేయండని నవ్వుతూ అడిగింది ఆమె. ఆమె నమ్మి చెప్పినదాన్ని పట్టుకెళ్లి అమ్మింది నేను. అతని దగ్గర క్షమాపణ అడగడానికి ఇన్నేళ్లు కూడదీసుకున్న మాటలేవీ ఆమెకు పనికిరావు.

వాళ్లు నన్ను క్షమించారా అని మీరు అడుగుతారు. తెలియదు. ఆ తర్వాత ఫోన్ రాలేదు, నేను చేయలేదు. తిరిగొచ్చాక విమలకు కూడా చెప్పాను. ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తేలికపడ్డానా? సంతోషం లాంటిదేమీ లేదు. కాకపోతే ఇప్పుడు నిద్రపోతున్నాను. నాకు తెలిసినది వాళ్లకూ తెలుసు, అంతవరకే.

ఆ సాయంత్రం వాళ్ల పెరట్లో, బయల్దేరే ముందు, నేను కుర్చీలోంచి లేచి, మొదటిసారి ఆమె వైపు తిరిగాను. సిద్ధం చేసుకోని మాటలు. వచ్చినవి వచ్చినట్టే రాస్తున్నాను.

"వదినా, మీరు కోలుకున్నారని నాకు తెలుసు. తెలిసే చెప్పలేదు. మీకు బాగాలేదని ఆయన అనుకుంటే ఆ ఉద్యోగం నాకొస్తుందని చెప్పలేదు. ఇందులో మీ జబ్బు తప్పేమీ లేదు, అంతా నాదే. నన్ను నమ్మి మీరు చెప్పుకున్నదాన్ని నేను వాడుకున్నాను. క్షమించమని అడుగుతున్నాను వదినా. మీరు జవాబు చెప్పక్కర్లేదు."